రీసెట్ నొక్కే ముందు

శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 2,280 అడుగుల ఎత్తున ఉంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, హంద్రీ నీవా సుజల స్రవంతి ఎంత బరువు మోస్తోందో తెలుస్తుంది. కృష్ణా వరద నీటిలో 40 టీఎంసీలను రాయలసీమకు ఎత్తిపోసి, 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది ఆ పథకం. శ్రీశైలం జలాశయం నుంచి మాల్యాల దగ్గర బయలుదేరిన నీరు కర్నూలు, అనంతపురం నేలలు దాటి, మదనపల్లె, పుంగనూరు వైపుగా 700 కిలోమీటర్లకు పైగా సాగితే గానీ కుప్పం చేరదు. 2025 ఆగస్టు 30న కుప్పం ప్రాంతంలోని పరమసముద్రంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ నీటికి జలహారతి ఇచ్చారు.

నీరు తనంతట తాను ఎత్తుకు ఎక్కదు. దారిలో మెట్టు తర్వాత మెట్టుగా పంపుహౌసులు ఎక్కించాలి. ఇలాంటి వరుసలో ఒక మెట్టు ఆగితే దాని ముందున్న కాలువ ఎండుతుంది, వెనకున్న కాలువ పొంగుతుంది. అందుకే పెద్ద ఎత్తిపోతల పథకాల్లో మోటారును ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే పనిని మనిషి చేతికి వదలరు. ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్‌కు అప్పగిస్తారు. పనిచేసే చోట అందరూ దాన్ని పీఎల్‌సీ అంటారు. హార్స్లీ హిల్స్ చుట్టూ ఉన్న పల్లెల నుంచి పాలు సేకరించే డెయిరీల్లో, చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో, కుప్పం గ్రానైటును పలకలుగా కోసే యూనిట్లలో కూడా ఇదే జాతి పెట్టె పనిచేస్తుంటుంది.

ఈ యంత్రాలన్నిటినీ వేధించే సమస్య ఒకటుంది. నడుస్తున్న యంత్రం ఉన్నట్టుండి ఆగుతుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. ఆపరేటర్ రీసెట్ బటన్ నొక్కుతాడు, యంత్రం మళ్లీ నడుస్తుంది. ఏమీ కాలలేదు, ఏమీ విరగలేదు. రెండు రోజులకు మళ్లీ అదే తంతు. పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడం దీనికంటే సులువు, ఎందుకంటే చెడినది కళ్లముందే ఉంటుంది. వచ్చిపోయే ఫాల్టు మాత్రం వెతకబోయేసరికి మాయమవుతుంది. అయినా ప్రతిసారీ అది కొన్ని ఆధారాలను వదిలే వెళ్తుంది. వాటిని చదవకుండా రీసెట్ నొక్కడమే మనం చేసుకునే పెద్ద నష్టం.

రిలేల బీరువా నుంచి చిన్న పెట్టె దాకా

1960ల్లో అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో యంత్రాలను రిలేలు నడిపేవి. తీగచుట్టలో కరెంటు పారినప్పుడు అయస్కాంతంగా మారి, ఒక కాంటాక్టును లాగి మూసే స్విచ్చు రిలే. వందలాది రిలేలను బీరువాల్లో బిగించి, 'ఇది మూసుకుంటేనే అది నడవాలి' వంటి షరతులన్నిటినీ తీగలతో అల్లేవారు. కారు మోడల్ మారితే ఆ అల్లికంతా విప్పి మళ్లీ అల్లాలి. యంత్రం ఆగితే అన్ని కాంటాక్టుల్లో ఏది మసిబారిందో ఒక్కొక్కటిగా వెతకాలి.

ఈ బాధ తప్పించే పరికరం కావాలని 1968లో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన హైడ్రామాటిక్ విభాగం అడిగింది. అదే ఏడాది జనవరి 1న డిక్ మోర్లీ అనే ఇంజినీరు అలాంటి కంట్రోలర్ ఎలా ఉండాలో కాగితం మీద పెట్టారు. ఆయన పనిచేసిన బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ సంస్థకు అది 84వ ప్రాజెక్టు. అందుకే 1969లో వచ్చిన ఆ పరికరానికి మోడికాన్ 084 అని పేరు. రిలే డ్రాయింగులకు అలవాటుపడిన ఎలక్ట్రీషియన్లు చూడగానే చదవగలిగేలా దాని ప్రోగ్రామును నిచ్చెన మెట్ల రూపంలో గీశారు. ఇవాళ్టికీ మన ఐటీఐల్లో నేర్పే ల్యాడర్ లాజిక్ అదే.

పీఎల్‌సీ పని తీరు చాలా సరళం. ముందు ఇన్‌పుట్‌లన్నిటినీ ఒకసారి చదువుతుంది. తర్వాత ప్రోగ్రామును మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా లెక్కిస్తుంది. ఆ ఫలితాన్ని ఔట్‌పుట్‌లకు పంపుతుంది. వెంటనే మళ్లీ మొదటికి వస్తుంది. ఈ చుట్టును స్కాన్ అంటారు. ఒక స్కాన్‌కు కొన్ని మిల్లీ సెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీ సెకన్లు పడుతుంది. నిర్ణీత వ్యవధిలో చుట్టు పూర్తికాకపోతే వాచ్‌డాగ్ అనే కాపలా టైమరు కంట్రోలర్‌ను ఆపేస్తుంది. దుమ్ము, వేడి, అదురు ఉన్న చోట్ల ఏళ్ల తరబడి ఆగకుండా తిరగాలన్న లక్ష్యంతోనే దీన్ని తయారుచేస్తారు.

దానికి తెలిసింది తీగ చివరి వరకే

పంపు గాని, వాల్వు గాని, నీరు గాని పీఎల్‌సీకి కనపడవు. దానికి తెలిసినదల్లా తన ఇన్‌పుట్ టెర్మినల్ దగ్గర ఎంత వోల్టేజీ ఉందన్నదే. మన ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడే 24 వోల్టుల ఇన్‌పుట్‌లలో సాధారణ రకానికి, 15 వోల్టులు దాటితే 'ఉంది' అని, 5 వోల్టుల లోపు ఉంటే 'లేదు' అని అర్థం. మధ్యలో ఉన్న వోల్టేజీని, ఇన్‌పుట్‌లను చదివే పీఎల్‌సీ కార్డు ఎలా చదువుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. పదే పదే వచ్చే ఫాల్టుల్లో చాలా వాటికి ఈ మధ్య ప్రాంతమే పుట్టిల్లు.

ఒక ఉదాహరణ అనుకుందాం. పంపు మొదలయ్యాక డెలివరీ వాల్వు పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకున్నట్టు చెప్పడానికి వాల్వు కడ్డీ దగ్గర లిమిట్ స్విచ్ ఉంటుంది. పంపు నడుస్తున్నంతసేపూ ఆ స్విచ్ సంకేతం ఉండాలని ప్రోగ్రాములో షరతు. ఆ స్విచ్ తీగను బిగించిన స్క్రూ అదురుకు కాస్త వదులైంది. పంపు పూర్తి లోడుతో నడుస్తున్నప్పుడు పైపు అదురుతుంది, కాంటాక్టు తడబడుతుంది, ఇన్‌పుట్ దగ్గర 24 వోల్టులు 10కి పడతాయి. పీఎల్‌సీ తన షరతు తప్పిందని పంపును ఆపుతుంది. తెర మీద 'డెలివరీ వాల్వు తెరుచుకోలేదు' అని కనపడుతుంది.

ఇక్కడే దారి తప్పుతాం. మెసేజిలో వాల్వు అని ఉంది కాబట్టి ఫిట్టరు వాల్వుకు గ్రీజు పెడతాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటరు పెడితే నిక్కచ్చిగా 24 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే పంపు ఆగింది, అదురు ఆగింది, కాంటాక్టు మళ్లీ కుదురుకుంది. రెండోసారి వస్తే ఇన్‌పుట్ కార్డు మారుస్తారు. మూడోసారి వస్తే పీఎల్‌సీ మీదే అనుమానం పడుతుంది. అంత డబ్బూ ఖర్చయ్యాక కూడా ఆ వదులు స్క్రూ అలాగే ఉంటుంది. తెర మీది మెసేజి ఏ షరతు తప్పిందో చెబుతుంది. ఎందుకు తప్పిందో చెప్పే శక్తి దానికి లేదు. ఆ ఎందుకును తీగ వెంట నడిచి మనిషే కనుక్కోవాలి.

నడక ఎటు నుంచి మొదలుపెట్టాలన్నదానికి అనుభవం చెప్పే జవాబు స్పష్టం. ప్యానెల్ బయట నీటిలో, ఎండలో, అదురులో ఉన్న సెన్సర్లు, స్విచ్‌లు, కేబుళ్లు, జంక్షన్ బాక్సులు ముందు చెడతాయి. తర్వాతి వరుసలో టెర్మినళ్లు, పవర్ సప్లై, రిలేలు. కార్డుల వంతు ఆ తర్వాత. ప్రాసెసరు చివరిది.

ఏ వేళకు వస్తోంది?

వచ్చిపోయే ఫాల్టును అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ వేళకు వస్తోంది? యంత్రం ట్రిప్పై ఆగిన పదిసార్ల తేదీ, సమయం ఒక కాగితం మీద వరుసగా రాసి చూస్తే చాలాసార్లు సగం పని అయిపోయినట్టే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే వస్తుంటే వేడిని అనుమానించాలి. పీఎల్‌సీలను సాధారణంగా 55 లేదా 60 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునేలా చేస్తారు. ఆ అంకె ప్యానెల్ లోపలి గాలికి వర్తిస్తుంది, ఊళ్లో ఎండకు కాదు. లోపల ట్రాన్స్‌ఫార్మరు, డ్రైవు, పవర్ సప్లై వేడి కక్కుతుంటాయి. గోడకు పడమటి ఎండ తగిలితే అది తోడవుతుంది. గ్రానైటు యూనిట్లలో కోత నుంచి లేచే సన్నటి రాతిపొడి ఫ్యాన్ ఫిల్టరుకు పేరుకుంటే గాలి ఆడదు.

ఈ వేడి ముందుగా దెబ్బతీసేది పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే లెక్క. లోపలి ద్రవం ఆరే కొద్దీ 24 వోల్టుల డీసీలో హెచ్చుతగ్గుల అల పెరుగుతుంది. మల్టీమీటరు డీసీలో సగటునే చూపిస్తుంది కాబట్టి 24 అనే అంటుంది. అదే మీటరును ఏసీ వోల్టులకు తిప్పి చూస్తే, లేదా ఆసిల్లోస్కోపు పెడితే, అసలు రూపం బయటపడుతుంది.

తెల్లవారుజామున వస్తుంటే తేమను చూడాలి. హార్స్లీ హిల్స్ దిగువ పల్లెల్లో చలికాలం పొగమంచు దట్టంగా దిగుతుంది. రాత్రంతా చల్లబడిన ప్యానెల్లోకి తేమగాలి చేరితే లోపలి రేకుల మీద నీటి బొట్లు పడతాయి. టెర్మినళ్ల మీద పేరుకున్న దుమ్ము ఆ నీటితో తడిసి సన్నగా కరెంటును లీక్ చేస్తుంది. ఎండ ఎక్కాక ఆరిపోతుంది, ఫాల్టూ పోతుంది. ప్యానెల్లో చిన్న హీటరు పెట్టడం, కేబుల్ దూరే కంతలను గ్లాండులతో బిగించి మూయడం దీనికి మందు. ఆ కంతలు మూస్తే బల్లులు, చీమలు కూడా లోపలికి రావు. మోటారుకు కరెంటు కలిపే పెద్ద రిలేలైన కాంటాక్టర్ల మధ్య దూరిన బల్లి షార్టు చేయడం మన ప్రాంతంలో పనిచేసే ఎలక్ట్రీషియన్లకు తెలియని సంగతి కాదు.

కొండ ఎత్తే కారణమేమో అన్న అనుమానాన్ని మాత్రం పక్కన పెట్టవచ్చు. ఈ పరికరాల్లో చాలా వాటిని 2,000 మీటర్ల ఎత్తు దాకా మామూలుగా వాడుకోవచ్చు. హార్స్లీ హిల్స్ శిఖరం కూడా అంత ఎత్తు లేదు.

పక్క మోటారు మొదలైనప్పుడు

ఫాల్టుకు వేళంటూ లేకపోతే రెండో ప్రశ్న: ఆ క్షణంలో పక్కన ఇంకేం జరిగింది? పెద్ద మోటారును నేరుగా లైనుకు కలిపితే మొదటి కొన్ని సెకన్లు తన మామూలు కరెంటుకు ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఆ కాసేపు లైను వోల్టేజీ దిగుతుంది. కాంటాక్టరు పట్టుకోవడానికి దాని చుట్టకు రేటెడ్ వోల్టేజీలో 85 శాతమైనా అందాలి. పట్టుకున్నది 75 శాతం నుంచి 20 శాతం మధ్య ఎక్కడైనా వదిలేయవచ్చని ప్రమాణాలు చెబుతాయి. అంటే రెండు కాంటాక్టర్లు ఒకే దిగుడుకు వేర్వేరుగా స్పందిస్తాయి. ఒకటి నిలుస్తుంది, ఒకటి వదిలేస్తుంది. పీఎల్‌సీ మాత్రం ఆ దిగుడును దాటి నడుస్తూనే ఉండవచ్చు. 'నేను ఔట్‌పుట్ ఇచ్చాను, కాంటాక్టరు మూసుకోలేదు' అని ఫాల్టు చూపిస్తుంది. ఆ మాట నిజమే. లోపం మాత్రం లైనులో ఉంది.

దీన్ని పట్టుకోవడానికి కంట్రోలు సప్లైకి వోల్టేజీ రికార్డరు తగిలించి కొన్ని రోజులు వదిలేయాలి. కారణం తేలాక మందు తేలిక. మోటార్లన్నీ ఒకేసారి కాకుండా వరుసగా మొదలయ్యేలా టైమర్లు పెట్టవచ్చు. కంట్రోలు సప్లైని యూపీఎస్ మీదికి మార్చవచ్చు. వీటికి ముందు, వేడెక్కిన జాయింటు ఎక్కడైనా ఉందేమో చూడాలి. వదులు జాయింటే వోల్టేజీని మింగుతూ ఉండవచ్చు.

కాంటాక్టరు వదిలేటప్పుడు ఇంకో సంగతి జరుగుతుంది. చుట్టలో పారుతున్న కరెంటును ఒక్కసారిగా తెంచితే, ఆ చుట్ట దాన్ని కొనసాగించడానికి ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. 24 వోల్టుల చుట్ట కూడా వందల వోల్టుల పోటును విసరగలదు. ఆ పోటు పక్క తీగల్లోకి దూకి ఇన్‌పుట్‌లను తడబెడుతుంది, ఔట్‌పుట్ కార్డును నెమ్మదిగా చంపుతుంది. డీసీ చుట్టకు ఒక డయోడు, ఏసీ చుట్టకు ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు కలిపిన స్నబ్బరు పెడితే ఆ పోటు అక్కడికక్కడే అణిగిపోతుంది. కాంటాక్టరు మార్చినప్పుడు పాతదాని మీది స్నబ్బరును కొత్తదానికి తగిలించడం మరిచిపోతే, నెలల తర్వాత ఎక్కడో ఫాల్టుగా తేలుతుంది.

కనపడని రొద

మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవులు ఇప్పుడు అంతటా ఉన్నాయి. కరెంటును ఆదా చేస్తాయి, మోటారును మెల్లగా మొదలుపెడతాయి. అవి పనిచేసేది వోల్టేజీని సెకనుకు వేలసార్లు ముక్కలుగా కోయడం ద్వారా. ఆ కోతలో పుట్టే విద్యుత్ రొద మోటారు కేబుల్ పొడవునా బయటికి చిమ్ముతుంది. అదే ట్రేలో పక్కనే సెన్సరు కేబుల్ పరిస్తే ఆ రొద దానిలోకి ఎక్కుతుంది. పవర్ కేబుళ్లను, సిగ్నల్ కేబుళ్లను వేరే ట్రేల్లో తీసుకెళ్లాలి. దాటక తప్పని చోట లంబంగా దాటించాలి. డ్రైవు నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ షీల్డును రెండు చివరలా ఎర్త్ చేయాలి. సెన్సర్ల అనలాగ్ కేబుల్ షీల్డును సాధారణంగా ప్యానెల్ వైపే ఎర్త్ చేస్తారు. రెండు వైపులా చేస్తే, ఆ రెండు చోట్ల భూమి వోల్టేజీలో ఉన్న తేడా షీల్డులో కరెంటును పారించవచ్చు.

పంపుహౌసుల వంటి చోట్ల ఇంకో చిక్కు. 230 వోల్టుల ఏసీ కంట్రోలు తీగలు వందల మీటర్లు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. పక్క తీగలో వోల్టేజీ ఉంటే, తెరిచి ఉన్న తీగలోనూ కొంత వోల్టేజీ పుడుతుంది. స్విచ్ తెరిచి ఉన్నా ఇన్‌పుట్ దీపం మసకగా వెలుగుతుంది. డిజిటల్ మల్టీమీటరు దాదాపు ఏ కరెంటూ లాగదు కాబట్టి అక్కడ 80, 100 వోల్టులు ఉన్నాయంటుంది. అదే చోట టెస్ట్ ల్యాంపు పెడితే వోల్టేజీ చప్పున పడిపోతుంది. నిజమైన సప్లైకీ ఈ నీడ వోల్టేజీకీ తేడా అలా తెలుస్తుంది.

పీఎల్‌సీలు ఒకదానితో ఒకటి, డ్రైవులతో మాట్లాడుకునే తీగలకూ ఇలాంటి జబ్బులున్నాయి. మోడికాన్ సంస్థ 1979లో తెచ్చిన మోడ్‌బస్ ఇప్పటికీ ఎంతో వాడుకలో ఉంది. దాన్ని తరచూ ఆర్ఎస్-485 అనే జంట తీగ మీద నడుపుతారు. ఆ తీగకు రెండు చివరలా 120 ఓముల రెసిస్టరు ఉండాలి. లేకపోతే, కాలువ చివర మూసిన గేటుకు తగిలిన అల వెనక్కి తన్నుకొచ్చినట్టు, సంకేతం చివర తాకి తిరిగొచ్చి వెనక వస్తున్నదాన్ని చెరుపుతుంది. కొత్త పరికరాన్ని చివర కలిపి పాత రెసిస్టరును మధ్యలోనే వదిలేస్తే, 'కమ్యూనికేషన్ ఫెయిల్' అన్న మెసేజి ఆ రోజు నుంచి అప్పుడప్పుడు పలకరిస్తూనే ఉంటుంది.

ఒక్క ఓము చేసే ప్రమాదం

ఇప్పటివరకు చూసిన ఫాల్టులు యంత్రాన్ని ఆపుతాయి. వాటికంటే ప్రమాదమైనవి, ఆగాల్సిన యంత్రాన్ని నడిపించేవి.

డెయిరీలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచితే హానికర క్రిములు చస్తాయి. అంతకంటే వేడి తగ్గితే, ఫ్లో డైవర్షన్ వాల్వు ఆ పాలను ప్యాకింగుకు పోనివ్వకుండా వెనక్కి మళ్లిస్తుంది. ఆ వేడిని కొలిచేది తరచూ పీటీ-100 అనే ప్లాటినం సెన్సరు. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు, 72 డిగ్రీల దగ్గర దాదాపు 127.8 ఓములు. అంటే డిగ్రీకి 0.4 ఓము కూడా మారదు. రెండు తీగలతో కలిపిన సెన్సరులో ఒక టెర్మినల్ తుప్పుపట్టి ఒక్క ఓము అదనంగా చేరిందనుకుంటే, కంట్రోలరు అసలు వేడికంటే 2.6 డిగ్రీలు ఎక్కువ చదువుతుంది. పాలు 70 డిగ్రీల దగ్గరే ఉన్నా 72 దాటాయని నమ్మి ముందుకు పంపుతుంది. ఏ ఎర్రదీపమూ వెలగదు.

మూడు తీగల కలయికలో తీగల నిరోధాన్ని తీసివేసే ఏర్పాటు ఉంటుంది. అయితే అది మూడూ సమానంగా ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. అందుకే పాల పరిశ్రమలో సెన్సరును ప్రామాణిక థర్మామీటరుతో సరిచూస్తారు, పాలలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము మిగిలిందేమో ప్రయోగశాలలో పరీక్షిస్తారు. సరిగ్గా కాగిన పాలలో అది మిగలదు.

పీడనం, నీటిమట్టం కొలిచే సెన్సర్లు 4 నుంచి 20 మిల్లీ యాంపియర్ల కరెంటుతో మాట్లాడతాయి. సున్నా విలువకు సున్నా కరెంటు పెట్టకపోవడంలో గొప్ప తెలివి ఉంది. సంపు ఖాళీ అయితే 4 వస్తుంది, తీగ తెగితే సున్నా వస్తుంది. 3.6 మిల్లీ యాంపియర్ల కంటే తగ్గితే, 21కి చేరితే అది కొలత కాదు, సెన్సరు చెడిందన్న సంకేతం అనుకోవాలని పరిశ్రమ ఒప్పందం. ప్రోగ్రాములో ఆ రెండు హద్దులు పెట్టకపోతే తెగిన తీగ ఖాళీ సంపులా కనపడి సిబ్బందిని ఎటో తిప్పుతుంది.

ఏడాదిలో మూడు నెలల యంత్రాలు

చిత్తూరు జిల్లా తోతాపురి మామిడికి పేరుపడ్డది. గుజ్జు ఫ్యాక్టరీలు వేసవి చివర మొదలై కాయ ఉన్నంతకాలం రాత్రింబగళ్లు నడుస్తాయి. తర్వాత మరుసటి సీజను దాకా చాలా యంత్రాలు మూలనపడతాయి. పాత రకం పీఎల్‌సీల్లో ప్రోగ్రాము బ్యాటరీ అండతో నిలిచే మెమరీలో ఉంటుంది. మెయిన్ సప్లై ఆపి నెలల తరబడి వదిలేస్తే ఆ భారమంతా బ్యాటరీదే. అది చచ్చాక స్విచ్ వేస్తే కంట్రోలరులో ప్రోగ్రామే ఉండదు. బ్యాటరీని తయారీదారు చెప్పిన పద్ధతిలో, చాలా మోడళ్లలో సప్లై ఉండగానే, మార్చాలి. ప్రోగ్రాము నకలు ప్యానెల్ బయట భద్రంగా ఉండాలి. ఖాళీగా పడున్న నెలల్లో ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయి, కాంటాక్టులకు పొర పడుతుంది. కాయ గేటు దగ్గరికి రాకముందే, నీటితో యంత్రాన్నంతా నడిపి చూసిన ఫ్యాక్టరీకి ఆ సీజను ప్రశాంతంగా గడుస్తుంది.

వెతికే క్రమం

ఫాల్టు వచ్చింది. ఏం చేయాలి? ముందుగా, ఏమీ ముట్టుకోకుండా చూడాలి. ప్రాసెసరు మీద, కార్డుల మీద వెలుగుతున్న దీపాలను, తెర మీది మెసేజిలను ఫోన్‌తో ఫొటో తీయాలి. పీఎల్‌సీ తన లోపల నమోదు చేసుకున్న డయాగ్నొస్టిక్ జాబితాను ల్యాప్‌టాప్‌తో చదివి దాచాలి. సప్లై ఆపి వేస్తే కొన్ని మోడళ్లలో ఆ సమాచారం పోతుంది. ఇదంతా చేశాకే రీసెట్.

ఒక పంపు ఆగగానే పీడనం తగ్గిందని, ప్రవాహం లేదని, వాల్వు మూసుకుందని వరుసగా అలారాలు మోగుతాయి. అవన్నీ ఆగడం వల్ల వచ్చినవి. ఆపినది వాటన్నిటికంటే ముందు తప్పిన షరతు. మొదట తప్పిన షరతును బిగించి పట్టుకునే నాలుగు మెట్ల ల్యాడర్ రాసి పెడితే ఆ పంపు బతుకంతా పనికొస్తుంది. అనుమానమున్న ఇన్‌పుట్ ఎన్నిసార్లు, ఎంతసేపు పడిపోయిందో లెక్కించే కౌంటరు కూడా అలాగే పెట్టవచ్చు. మనిషి రాత్రంతా మీటరు పట్టుకుని కూర్చోలేడు. పీఎల్‌సీ కూర్చుంటుంది.

తర్వాత తీగను సగం సగంగా విభజిస్తూ వెళ్లాలి. సెన్సరుకూ కార్డుకూ మధ్య జంక్షన్ బాక్సు దగ్గర సంకేతం బాగుంటే లోపం ప్యానెల్ వైపు, బాగోకపోతే సెన్సరు వైపు. రెండు ఒకేరకం ఛానళ్ల తీగలను కార్డు దగ్గర తారుమారు చేసి చూడవచ్చు. ఫాల్టు కొత్త ఛానల్‌కు మారితే లోపం ఫీల్డులో, పాత ఛానల్‌లోనే ఉంటే కార్డులో. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కార్డు, కేబుల్, సెన్సరు మూడూ ఒకేరోజు మారిస్తే ఫాల్టు పోవచ్చు. ఏది చెడిందో మాత్రం ఎప్పటికీ తెలియదు, పక్క యంత్రానికి అదే జబ్బు వస్తే మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

రెండు పనులు ఎంత ఒత్తిడి ఉన్నా చేయకూడదు. రక్షణ కోసం పెట్టిన ఇంటర్‌లాకును జంపరు తీగతో బైపాస్ చేయడం ఒకటి. ఇన్‌పుట్‌ను ప్రోగ్రాములో ఫోర్స్ చేసి, అంటే అసలు సంకేతంతో పనిలేకుండా ఒకే విలువకు కట్టేసి, అలా వదిలేయడం మరొకటి. బేరింగు వేడెక్కిందన్న ట్రిప్పును ఆ రాత్రికి దాటేయడానికి ఫోర్స్ చేస్తే, నిజంగా వేడెక్కిన రోజు ఆపేవాళ్లు ఉండరు. ట్రిప్పు రాకుండా టైమరు విలువను పెంచుకుంటూ పోవడమూ ఆ కోవలోనిదే. ఇంకా, యంత్రం దగ్గర చేయి పెట్టే ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, చీటీ తగిలించి తీరాలి. వదులు తీగ కుదురుకున్న క్షణంలో యంత్రం తనంతట తాను మొదలుకావచ్చు.

ప్రోగ్రామును ఎప్పుడు అనుమానించాలి?

నెలల తరబడి సరిగ్గా నడిచిన ప్రోగ్రాము రాత్రికి రాత్రి తనంతట తాను మారదు. అయినా రెండు సందర్భాల్లో దాన్ని తెరిచి చూడాలి. మొదటిది, చాలా చిన్న సంకేతం. సెన్సరు ముందు నుంచి వస్తువు ఒక స్కాన్ కంటే తక్కువ సమయంలో దాటిపోతే పీఎల్‌సీకి అది కనపడకపోవచ్చు. యంత్రం వేగం పెంచాకే లెక్క తప్పుతుంటే కారణం ఇదే కావచ్చు. వేగంగా లెక్కించే ప్రత్యేక ఇన్‌పుట్ దీనికి జవాబు.

రెండోది, ఎవరో మార్చడం. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజులు చెడిపోవడం వెనక ఉన్న స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ 2010లో బయటపడింది. అది సీమెన్స్ పీఎల్‌సీల ప్రోగ్రామునే మార్చి, ఆపరేటర్లకు అంతా సవ్యంగా ఉన్నట్టు చూపించగలిగింది. మన ఫ్యాక్టరీల్లో మార్పులు ఇంత కుట్రతో జరగవు. సర్వీసు ఇంజినీరు వచ్చి ఒక టైమరు సవరించి, రాసిపెట్టకుండా వెళ్లడమే ఎక్కువ. మందు రెంటికీ ఒకటే: నమ్మదగిన నకలును దాచి ఉంచి, అనుమానం వచ్చినప్పుడు నడుస్తున్న ప్రోగ్రామును దానితో పోల్చి చూడాలి.

ఫాల్టు పుస్తకం

ఇందులో చాలా పద్ధతులకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. కావలసినది రాసుకునే అలవాటు, రాసుకోవడానికి సమయం. ప్రతి ప్యానెల్ దగ్గర ఒక ఫాల్టు పుస్తకం ఉండి, తేదీ, సమయం, మెసేజి, అప్పటి వాతావరణం, పక్కన నడుస్తున్న యంత్రాలు, చేసిన పని, చివరికి తేలిన కారణం అన్నవి రాస్తే ఆరునెలల్లో ఆ యంత్రం స్వభావం అందులో కనపడుతుంది. ఒక షిఫ్టులో ఒకరు చూసినది మరో షిఫ్టులో ఇంకొకరికి అందుతుంది. అనుభవమున్న మనిషి రిటైరైనా ఆయన నేర్చినది పోదు.

రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న ఎలక్ట్రీషియన్‌ను 'ఎంతసేపట్లో నడుస్తుంది?' అని మాత్రమే అడిగితే, అతను రీసెట్ నొక్కుతాడు. అది అతని తప్పు కాదు. 'ఎందుకు ఆగింది?' అని కూడా అడిగి, కనుక్కోవడానికి అరగంట ఆగగలిగిన యాజమాన్యం ఉన్న చోటే ఫాల్టులు తగ్గుతాయి. ఇన్ని వందల కిలోమీటర్లు ఎత్తిపోసి తెచ్చుకున్న నీటి విషయంలోనైనా, పిల్లలు తాగే పాల విషయంలోనైనా ఆ అరగంట వృథా కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఐటీఐ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ల్యాడర్ రాయడంతో పాటు ఫాల్టు పుస్తకం రాయడమూ, దాన్ని చదవడమూ నేర్పాలి. రేపు ఈ పంపులను, ఈ డెయిరీలను కాపాడాల్సింది వాళ్లే.